చూడకుండానే కట్ట కట్టేసిన ప్రాధాన్యత ఓట్లు: ఎన్నికల సంఘానికి అనంతపురం నుంచి బహిరంగ లేఖ

భారత ఎన్నికల సంఘం కమిషనర్లకు, ఆంధ్రప్రదేశ్ ప్రధాన ఎన్నికల అధికారికి,

నమస్కారం.

నేను అనంతపురంలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. క్లాసులో చెప్పింది డిమాండూ సప్లయీ అయినా ఇంట్లో కూర్చుని చదువుకున్నదీ, రాసుకున్నదీ ఎక్కువగా ఓట్ల గురించే. ఓటు ఎవరికి వేయాలన్నది నా విషయం కాదు. వేసిన ఓట్లను ఎట్లా లెక్కపెడితే ఎవరు గెలుస్తారన్నది నా విషయం. "ఓట్లకూ ఎకనామిక్స్‌కూ ఏం సంబంధం సార్?" అని స్టాఫ్ రూములో చాలామంది అడిగేవాళ్లు. వాళ్లకు చెప్పిన జవాబు ఈ ఉత్తరంలో సగం. మిగతా సగం మీకు పెట్టుకుంటున్న విన్నపం.

విన్నపం ముందే చెప్పేస్తాను. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటర్లు బ్యాలెట్ మీద వరసగా అంకెలు వేస్తారు. ఆ అంకెల్లో చాలా భాగాన్ని ఎవరూ లెక్కపెట్టకుండానే కట్టకట్టి సీలు వేస్తారు. ఏ ఓటరు ఏం రాశాడో బయటపడకుండా, మొత్తం నియోజకవర్గానికి కలిపి, ఆ అంకెల సారాంశాన్ని ప్రజల ముందు పెట్టండి.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మా దగ్గర 2023 మార్చిలో జరిగిన ఎన్నికతో మొదలుపెట్టాలి. పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల నియోజకవర్గం. పాత కడప, కర్నూలు, అనంతపురం జిల్లాలు మూడూ కలిపి ఒకే స్థానం, బరిలో 49 మంది. పోలింగ్ కేంద్రంలో మీవాళ్లిచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలి. టిక్కు పెడితే చెల్లదు, 'ఒకటి' అని అక్షరాల్లో రాసినా చెల్లదు, అంకే వేయాలి. 1 వేయడం తప్పనిసరి. 2, 3, 4 ఓటరు ఇష్టం. లెక్కింపు అనంతపురం జేఎన్టీయూలో జరిగింది. మొదటి ప్రాధాన్యత ఓట్ల లెక్క పూర్తయ్యేసరికి అప్పటి అధికార పార్టీ అభ్యర్థి సుమారు 1,800 ఓట్ల ముందంజలో ఉన్నారు. కానీ సగం దాటలేదు. దాంతో అడుగు నుంచి ఒక్కొక్కరినీ ఎలిమినేట్ చేస్తూ, వాళ్ల కట్టలు విప్పి, ఆ కాగితాల మీద తర్వాతి అంకె ఎవరి పేరు పక్కన ఉంటే వాళ్ల ఖాతాలోకి మారుస్తూ పోయారు. ఆఖరికి తెలుగుదేశం అభ్యర్థి 7,543 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ తర్వాత నడిచిన రాజకీయ రభస జోలికి నేను పోను.

అసెంబ్లీ ఎన్నికలకు వాడే లెక్క ఇక్కడా వాడి ఉంటే మొదటి రౌండుతోనే కథ ముగిసేది, గెలుపు అవతలివైపు పోయేది. కాగితాలు అవే, అంకెలు అవే. (పద్ధతి వేరని ముందే తెలిస్తే ఓటర్లూ వేరుగా వేసి ఉండేవాళ్లు. ఆ సంగతికి తర్వాత వస్తాను, నా సబ్జెక్టు గుండెకాయ అదే.)

ఇట్లాంటిది మా జిల్లాకు కొత్త కాదు. ఇల్లూరు నీలం సంజీవరెడ్డిగారు ఇదే పద్ధతిలో ఒకసారి రాష్ట్రపతి పదవి పోగొట్టుకున్నారు. 1969 మేలో జాకిర్ హుస్సేన్ చనిపోయారు. కాంగ్రెస్ అధికార అభ్యర్థిగా సంజీవరెడ్డి, స్వతంత్రుడిగా వి.వి.గిరి, జనసంఘ్, స్వతంత్ర పార్టీల మద్దతుతో సి.డి.దేశ్‌ముఖ్ పోటీపడ్డారు. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండని ఇందిరాగాంధీ చెప్పిన ఎన్నిక అది. మొదటి ప్రాధాన్యత లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఇవి ఎంపీలు, ఎమ్మెల్యేలు వేసిన ఓట్ల విలువలు, మనుషుల సంఖ్య కాదు. గెలవడానికి 4,18,169 కావాలి. దేశ్‌ముఖ్‌తో సహా మిగిలినవాళ్లందరినీ తీసేశాక గిరి 4,20,077 దగ్గర, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. రెండో ప్రాధాన్యతలకు దిగి తేలిన రాష్ట్రపతి ఎన్నిక ఇప్పటికి అదొక్కటే.

ఆ అంకెల్లో తీసివేత చేసి చూడండి. మొదటి లెక్క తర్వాత గిరి ఖాతాలో కొత్తగా పడింది 18,562. సంజీవరెడ్డికి పడింది 91,879, అంటే దాదాపు ఐదింతలు. దేశ్‌ముఖ్ వర్గం రెండో ప్రాధాన్యతల కోసం కాంగ్రెస్ పెద్దలు జనసంఘ్‌తో, స్వతంత్ర పార్టీతో మాట్లాడుకున్న మాట అందరికీ తెలిసిందే. ఆ బేరం పనిచేసింది. పనిచేసి కూడా చాల్లేదు. ఎవరి పక్కనా తర్వాతి అంకె లేక ఆగిపోయిన ఓట్ల విలువ ఇంకో 10,833. గిరికీ సంజీవరెడ్డికీ ఆఖర్న మిగిలిన తేడా 14,650. సంజీవరెడ్డిగారు తర్వాత 1977లో నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున లోక్‌సభకు గెలిచి, అదే ఏడు పోటీయే లేకుండా రాష్ట్రపతి అయ్యారు. అది వేరే కథ.

నేను చూపించదలచుకున్నది లెక్కకు రాని అంకెలను. ఈ పద్ధతిలో ఆఖరిదాకా నిలబడిన ఇద్దరి కట్టల్లో రెండో అంకె ఎవరిదో చూడాల్సిన పని పడదు. గిరికి 1 వేసినవాళ్లు 2 ఎవరికి వేశారు? సంజీవరెడ్డికి 1 వేసినవాళ్లు? ఒకవేళ గిరి వర్గం సంజీవరెడ్డి కంటే దేశ్‌ముఖ్ నయమనీ, సంజీవరెడ్డి వర్గం గిరి కంటే దేశ్‌ముఖ్ నయమనీ రాసి ఉంటే, ఒక్కొక్కరితో విడివిడిగా తలపడితే ఇద్దరినీ దేశ్‌ముఖే ఓడించేవాడు. మూడో స్థానంలో ఉన్నాడు కాబట్టి ముందే బయటికి పోయాడు. గిరి వెనక కమ్యూనిస్టులు ఉన్నారు, వాళ్లు జనసంఘ్ మెచ్చిన మనిషికి 2 వేసి ఉంటారని నాకైతే నమ్మకం లేదు. అయితే ఇది నా ఊహ మాత్రమే. కాగితం మీద అంకె ఉన్నచోట ఊహతో సరిపెట్టుకోవడమే నా బాధ.

ఇది అర్థం చేయించడానికి క్లాసులో హాస్టల్ టిఫిన్ లెక్క చెప్పేవాణ్ణి. అరవై మంది పిల్లలు. ఆదివారం ఒకే టిఫిన్. ఉగ్గానా, ఇడ్లీయా, పూరీయా? ఇరవై ఐదు మందికి ముందు ఉగ్గాని, తర్వాత ఇడ్లీ, చివర పూరీ. ఇరవై మందికి పూరీ, ఇడ్లీ, ఉగ్గాని, ఆ వరసలో. మిగిలిన పదిహేను మందికి ఇడ్లీ, పూరీ, ఉగ్గాని. అసెంబ్లీ లెక్కయితే ఇరవై ఐదుతో ఉగ్గాని గెలుస్తుంది. ఎమ్మెల్సీ లెక్కయితే పదిహేనే వచ్చిన ఇడ్లీ ముందు పోతుంది, ఆ పదిహేనూ పూరీకి చేరి ముప్పై ఐదుతో పూరీ గెలుస్తుంది. రెండేసి చొప్పున పోటీ పెడితే ఉగ్గాని మీద ఇడ్లీ ముప్పై ఐదుకు ఇరవై ఐదు, పూరీ మీద ఇడ్లీ నలభైకి ఇరవై. ఇడ్లీదే గెలుపు. పిల్లల మనసు ఒక్కటే, టిఫిన్లు మూడు. బోర్డు మీద ఇది వేయగానే వెనక బెంచీ నుంచి "అట్లైతే వార్డెన్ ఏది చెప్తే అదే కదా సార్!" అని వినబడేది. ఆ మాట కెనెత్ యారో అనే ఎకనామిస్టు సిద్ధాంతానికి (కాసేపట్లో చెప్తాను) ఎంత దగ్గరో ఆ పిల్లవాడికి తెలియదు.

రెండేసి చొప్పున పోల్చి అందరినీ ఓడించినవాడే విజేత కావాలన్నది ఫ్రాన్సులో కాండోర్సే 1785లో చెప్పిన మాట. దాంట్లో ఉన్న చిక్కునూ ఆయనే కనిపెట్టాడు. ఒక్కోసారి ఉగ్గానిని ఇడ్లీ, ఇడ్లీని పూరీ, పూరీని మళ్లీ ఉగ్గాని ఓడిస్తాయి. తిరిగిన చోటే తిరగడమే, విజేతే ఉండడు. తర్వాత నూటయాభై ఏళ్లకు పైగా దీన్ని ఒకరిద్దరు తప్ప ఎవరూ గట్టిగా పట్టుకోలేదు. మళ్లీ పట్టుకున్నది ఎకనామిస్టులు. స్కాట్లండుకు చెందిన డంకన్ బ్లాక్ 1942లో, యుద్ధం రోజుల్లో, వార్విక్ కోటలో రాత్రిపూట మంటల కాపలా డ్యూటీ చేస్తూ కాగితం మీద బొమ్మలు గీసుకుంటూ ఒక సంగతి పట్టేశాడు. అందరి ఇష్టాలూ ఒకే గీత మీద ఎడమ నుంచి కుడికి పేర్చగలిగితే ఈ తిరగలి ఉండదు, గీత మీద నట్టనడిమి ఓటరుకు నచ్చిందే గెలుస్తుంది. ఇదంతా ముందే ఎవరైనా రాశారా అని తవ్వుకుంటూ పోతే ఆయనకు కాండోర్సే, ఆ కాలంవాడే ఇంకో ఫ్రెంచి పండితుడు బోర్డా దొరికారు. జీవితమంతా కమిటీలు ఎట్లా ఓట్లేస్తాయన్న దాని మీదే గడిపాడు. తోటి ఎకనామిస్టులు చాలాకాలం పట్టించుకోలేదు. ఆయన కష్టం నాకు కొంచెం తెలుసు.

బ్లాక్‌కు దక్కని పేరు కెనెత్ యారోకు దక్కింది. అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థలో గేమ్ థియరీని, అంటే ఎత్తులూ పైఎత్తుల లెక్కను, దేశాల మధ్య వ్యవహారాలకు వాడుతున్న రోజులవి. గేమ్ థియరీలో ప్రతి ఆటగాడికీ ఏది ఎక్కువ ఇష్టమో ఏది తక్కువో తేలాలి. దేశం మనిషి కాదు కదా, దానికి ఇష్టమనేది ఎక్కడి నుంచి వస్తుందని అక్కడి తత్వవేత్త ఒలాఫ్ హెల్మర్ ఈ కుర్ర ఎకనామిస్టును అడిగాడు. చిన్న నోటు రాసిద్దామని కూర్చున్న యారో, కోట్లమంది ఇష్టాలను కలిపి ఒకే వరసగా పేర్చే మచ్చలేని పద్ధతే లేదని రుజువు చేసి లేచాడు. ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది అభ్యర్థులు ఉన్నప్పుడు మామూలు న్యాయానికి సంబంధించిన మూడు షరతులు పెడితే, వాటన్నిటికీ నిలబడేది ఒక్క మనిషి మాటే శాసనంగా నడిచే పద్ధతి మాత్రమే. 1951లో పుస్తకంగా వచ్చింది. యారోకు 1972లో నోబెల్ వచ్చింది, అయితే అది ఆయన ఇతర ఎకనామిక్స్ కృషికి కూడా కలిపి. అమర్త్య సేన్ ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పనిచేసిన రోజుల్లో ఇదే దారిలో నడిచాడు. ఆయన దగ్గర చదువుకున్న ప్రశాంత పట్నాయక్ తన పరిశోధన జీవితాన్ని దీనికే పెట్టాడు.

ఇందాక తర్వాత చెప్తానన్న సంగతి ఇక్కడ వస్తుంది. టిఫిన్ లెక్కలో ఉగ్గాని వాళ్లకు పూరీ అంటే గిట్టదు, అయినా ఎమ్మెల్సీ పద్ధతిలో పూరీయే గెలుస్తోంది. వాళ్లలో ఆరుగురు ముందురోజు రాత్రి మాట్లాడుకుని, మనసులో ఉగ్గాని ఉన్నా కాగితం మీద ఇడ్లీకి 1 వేశారనుకోండి. ఉగ్గానికి పందొమ్మిది, పూరీకి ఇరవై, ఇడ్లీకి ఇరవై ఒకటి. ఉగ్గాని పోతుంది, ఆ పందొమ్మిదీ ఇడ్లీకి వస్తాయి, పూరీ ఓడిపోతుంది. ఉన్నమాట రాసినప్పటి కంటే లేనిమాట రాసినప్పుడే ఆ ఆరుగురికీ మేలు జరిగింది. ఇట్లాంటి ఎత్తులకు చోటివ్వని పద్ధతి ఉందా అంటే, ముగ్గురు నలుగురిలో ఎవరైనా గెలవగలిగే పోటీలో, నియంత లేకుండా, లేదని గిబార్డ్ 1973లోనూ శాటర్‌త్వైట్ 1975లోనూ విడివిడిగా నిరూపించారు. అప్పటి నుంచి ఓటింగ్ అధ్యయనమంటే గేమ్ థియరీయే. అవతలివాడు ఏం వేస్తాడో ఊహించి నువ్వు వేస్తావు, నువ్వేం వేస్తావో ఊహించి వాడు వేస్తాడు. స్టాఫ్ రూము ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఓటర్లే కాదు, అభ్యర్థులూ ఎత్తులు వేస్తారు. భాస్కర్ దత్తా, మాథ్యూ జాక్సన్, మిషెల్ లెబ్రెటన్ కలిసి 2001లో ఒక పేపరు రాశారు. ఓడిపోతానని తెలిసినవాడు కూడా బరిలో ఉండో, తప్పుకునో ఫలితాన్ని మార్చగల అవకాశాన్ని పూర్తిగా మూసేసే మంచి పద్ధతి లేదని దాని సారం. మా సీమలో దీనికి సిద్ధాంతం అక్కరలేదు. అవతలి అభ్యర్థి పేరే ఉన్న ఇంకో మనిషిని వెతికి నామినేషన్ వేయించడం ఊరూరా తెలిసిన విద్య. అయితే 49 మందిలో ఎంతమంది నిజంగా పోటీలో ఉన్నారు, ఎంతమంది ఎవరికో గండి కొట్టడానికి నిలబడ్డారు అని ఒక పరిశోధక విద్యార్థి తేల్చాలనుకుంటే, వాడి చేతిలో ఏముంది? మీరు ప్రకటించే రౌండ్ల వారీ ఎలిమినేషన్ షీటు ఉంది. ఎవరి ఓటు ఎవరికి పోయిందో అది కొంతవరకు చెప్తుంది. ఆఖరి ఇద్దరి కట్టల దగ్గరికి వచ్చేసరికి మూగబోతుంది.

ప్రపంచంలో ఈ రంగంలో వచ్చే పేపర్లు చూస్తే అవే ఊళ్ల పేర్లు మళ్లీ మళ్లీ కనబడతాయి. ఐర్లండులో 2002 ఎన్నికల్లో డబ్లిన్ నార్త్, డబ్లిన్ వెస్ట్, మీత్ అనే మూడు నియోజకవర్గాల్లో ప్రయోగంగా యంత్రాలు వాడారు. ప్రతి బ్యాలెట్ మీద ఉన్న వరసనూ పేర్లు లేకుండా బయటపెట్టారు. ఆ యంత్రాలను తర్వాత తుక్కు కింద అమ్మేశారు కానీ ఆ అంకెల మీద ఇప్పటికీ పరిశోధన నడుస్తోంది. స్కాట్లండులో 2007 నుంచి స్థానిక ఎన్నికల బ్యాలెట్లను స్కాన్ చేసి లెక్కిస్తున్నారు, ప్రాధాన్యతల వివరాలు అక్కడా దొరుకుతాయి. దాంతో ఏమయిందంటే, అనంతపురంలో కూర్చున్న పిల్లవాడు డబ్లిన్ ఓటరు మనసు చదవగలడు, కదిరి ఓటరు మనసు చదవలేడు.

మీరు చెప్పబోయే అభ్యంతరం నాకు తెలుసు. అది గట్టిదే. బ్యాలెట్ వరసలన్నీ యథాతథంగా బయటపెడితే ఓటు కొనేవాడికి రసీదు దొరికినట్టే. పదిమంది అభ్యర్థులుంటేనే వాళ్లను 36,28,800 రకాలుగా పేర్చవచ్చు. "మావాడికి 1 వేయి, 2 పదిహేడో పేరుకు, 3 ముప్పై ఒకటో పేరుకు, 4 తొమ్మిదో పేరుకు వేయి" అని ఒక్కో ఓటరుకు ఒక్కో వరస ఇచ్చి పంపితే, ఆ వరస జాబితాలో ఉందో లేదో రేపు చూసుకోవచ్చు. ఈ రంగంలో దీన్ని ఇటాలియన్ దాడి అంటారు. ఫ్యాక్షన్ చూసిన ఊళ్లలో దీని సంగతి ఇంకొకరు నేర్పక్కర్లేదు. కాబట్టి బ్యాలెట్ వరసలు నేను అడగడం లేదు, బూత్ వారీ వివరం అసలే అడగడం లేదు.

అడిగేది ఒక చిన్న పట్టిక. మొదటి ప్రాధాన్యతలో మొదటి ఐదు స్థానాల్లో ఉన్నవాళ్లను తీసుకోండి. వాళ్లలో ఏ ఇద్దరినైనా పక్కపక్కన పెడితే, మొత్తం నియోజకవర్గంలో ఎన్ని కాగితాల మీద మొదటివాడి అంకె రెండోవాడి అంకె కంటే ముందుంది? అంతే. పది జతలు. మూడు జిల్లాల కాగితాలు కలిపేసిన మొత్తాల నుంచి ఏ ఒక్క ఓటరునూ ఎవరూ పట్టుకోలేరు. దాంతోపాటు, 1 వేసి ఆపేసిన కాగితాలు ఎన్నో కూడా చెప్పండి. ఎందుకంటే ప్రతి ఎమ్మెల్సీ ఎన్నికకూ ఒక పుకారు లేస్తుంది: 2 వేస్తే మనవాడి 1 బలహీనపడుతుందని. పార్టీలవాళ్లు కూడా "మాకు ఒకటే వేసి వదిలేయండి" అని చెప్పిస్తారు. ఇది తప్పు. మీ నిబంధనల ప్రకారమే, 1 వేసినవాడు పోటీలోంచి పోయాకే 2 వైపు చూస్తారు. 2 వల్ల 1కి వచ్చే నష్టం సున్నా. ఈ పుకారు నమ్మి ఎంతమంది తమ గొంతు సగంలో ఆపుకున్నారో తెలిస్తే, వచ్చేసారి మీ ఓటరు అవగాహన పోస్టరు మీద ఏం రాయాలో మీకే తెలుస్తుంది. చెల్లని ఓట్లను కూడా టిక్కు పెట్టినవి, సంతకం చేసినవి, ఇద్దరికి 1 వేసినవి అని విడదీసి చెప్తే ఇంకా మంచిది. డిగ్రీ ఉన్నవాళ్లే వేసే ఎన్నికలో చెల్లని ఓట్లు ఉండడం గురించి మేష్టర్లం మేము ఎక్కువ మాట్లాడకపోవడమే మర్యాద.

చట్టం సంగతి. 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 93వది ప్రకారం సీలు వేసిన బ్యాలెట్లు తెరవాలంటే కోర్టు ఆదేశం ఉండాలి. 94వది ప్రకారం గడువు తీరాక వాటిని నాశనం చేస్తారు. అందుకే సీలు తర్వాత తెరవమని అనడం లేదు. సీలు వేయకముందు, కౌంటింగ్ హాల్లోనే, ఫలితం ప్రకటించాక ఈ లెక్క తీయండి. కాగితాలు అప్పటికే 50 చొప్పున కట్టలుగా బల్లల మీదే ఉంటాయి. ఏజెంట్లు ఎదురుగానే ఉంటారు. రోజుల తరబడి నిద్ర లేకుండా లెక్కపెట్టిన సిబ్బందికి ఇంకో పని నెత్తిన వేస్తున్నానని తెలుసు. లక్షలకు లక్షలు కాగితాలు చూడక్కర్లేదు. యాదృచ్ఛికంగా తీసిన కొన్ని కట్టలు చూసినా, ఎన్ని తీశారో ఎట్లా తీశారో చెప్తే మాకు చాలు. నిబంధన మార్చాల్సి వస్తే అది కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంది కానీ, ప్రజాప్రాతినిధ్య చట్టం 169వ సెక్షన్ ప్రకారం మిమ్మల్ని సంప్రదించే మారుస్తారు. సంప్రదింపు మీ వైపు నుంచి మొదలైతే తప్పులేదు.

ఎమ్మెల్సీ పదవీకాలం ఆరేళ్లు. అంటే ఈ స్థానానికి 2029లో మళ్లీ ఎన్నిక. అప్పటికి నిబంధన సిద్ధంగా ఉండాలంటే ఇప్పుడే కదలాలి. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదివే పిల్లలున్నారు. పట్టిక బయటికి వస్తే దాన్ని చదివి తెలుగులో జనానికి చెప్పగలిగినవాళ్లు వాళ్లే.

నమూనా పట్టిక ఈ ఉత్తరంతో జతచేసి పంపుతున్నాను. ఐదు అడ్డ వరసలు, ఐదు నిలువు వరసలు, ఎవరితో వారికే పోటీ పడే గళ్లు ఐదూ కొట్టేశాను. మీరు నింపాల్సినవి ఇరవై గళ్లు. పట్టిక కాపీ ఒక్కొక్కటి పైన చెప్పిన మూడు విశ్వవిద్యాలయాల ఎకనామిక్స్ శాఖలకూ పంపుతున్నాను.

ఇట్లు,
పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల నియోజకవర్గంలో ఒక ఓటరు,
అనంతపురం